‘నో’ అను ఆంగ్ల క్రియ: ఎఱుక, తెలివి, రాక

ఆంగ్లమునుండి తెలుగునకు అనువాదము నేర్పు అధ్యాపకుడొకడు పరీక్షాపత్రములు దిద్దుచు ఒక విద్యార్థిని వ్రాసిన వాక్యముపై ఎఱ్ఱగీత గీచి రెండు మార్కులు తగ్గించెను. అనువాదమునకు ఇచ్చిన భాగము చిన్నది. తండ్రికి నయముకాని వ్యాధి. కుమారుడు కలతపడునని తండ్రి ఆ సంగతి దాచును. కుమారుడు దానిని ముందుగనే ఎఱుగును. ఎఱిగియు ఎఱుగనివానివలె ఇంట తిరుగుచుండును. భాగము చివర రెండుమాటల వాక్యమొకటి కలదు: ‘హి న్యూ’. ‘నో’ అను క్రియకు ‘న్యూ’ అనునది భూతకాలరూపము. విద్యార్థిని దానిని ‘అతనికి తెలుసు’ అని అనువదించెను. మూలమున భూతకాలముండగా అనువాదమున వర్తమానమేల వచ్చెనని అధ్యాపకుని ఆక్షేపణ. పత్రము అంచున ‘అతనికి తెలిసింది’ అని దిద్దెను.

పత్రములు తిరిగియిచ్చిన నాడు ఆ విద్యార్థిని తరగతి ముగిసినదాక నిలిచి అడిగెను: “మాస్టారూ, ‘తెలిసింది’ అంటే అప్పుడే తెలిసినట్టు కదండీ? ఆ కొడుక్కి మొదటినుంచీ తెలుసు. కొత్తగా తెలిసిందేమీ లేదు.”

“మూలంలో ఏ కాలం ఉంటే అనువాదంలోనూ అదే ఉండాలమ్మా” అని ఆయన బదులు చెప్పెను. ఆమె మఱి వాదింపలేదు. పత్రము మడిచి సంచిలో పెట్టుకొని వెడలిపోయెను.

ప్రశ్న మాత్రము ఆయనను విడువలేదు. విడువకుండుటకు వ్యాకరణము ఒక కారణము. స్వవిషయమైన కారణము మఱియొకటి కలదు. వ్యాకరణమునుండియే ఆయన ఆరంభించెను. ఆ రాత్రి నిఘంటువులు ముందు పెట్టుకొని, ముప్పది యేండ్లుగా తరగతిలో ఎన్ని వేలమార్లో పలికిన ఆ ఒక్క క్రియను మొదటిసారి పరాయిదానివలె పరిశీలింప మొదలిడెను.

తెలుగు లిపిలో వ్రాసినపుడు ఈ మాటతో ఒక చిక్కు వచ్చును. ‘నో’ అన్నది నిషేధమా, జ్ఞానమా? ‘న్యూ’ అన్నది క్రొత్తదా, ఎఱిగినదా? చెవికిని భేదము తోచదు. ఆంగ్లలిపిలో మాత్రము జ్ఞానార్థకమైన మాటకు మొదట కకారచిహ్నము నిలిచియున్నది. దానిని నేడెవరును పలుకరు. బడిపిల్లలు పలుకని అక్షరమని వల్లెవేయుదురు. అది వ్రాయసకాండ్ర పొరపాటు కాదు. ప్రాచీనాంగ్లమున ఈ క్రియ ‘క్నావన్’. తఱచు ఉపసర్గతో కూడి ‘గెక్నావన్’ అని కనబడును. అందు కకారము స్పష్టముగా పలుకబడెడిది. 17వ శతాబ్దమునుండి ఇంగ్లండున ఇది క్రమముగా జాఱిపోయెను. మోకాలికి, కత్తికి, ముడికి ఆంగ్లమునగల పేర్లయందును ఇట్లే లిపి నిలిచినది, పలుకు పోయినది. జర్మనులు మాత్రము మోకాలిని నేటికిని ‘క్నీ’ అని కకారముతోనే పలుకుదురు.

ఈ పలుకని అక్షరమే క్రియయొక్క వంశమును పట్టియిచ్చును. మూల ఇండో-యూరోపియను భాషలోని గకారము జర్మానిక్ శాఖలో కకారమగుట, యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రీకరించిన ధ్వనిపరిణామములలో ఒకటి. కనుక ‘క్నావన్’ లోని కకారము వెనుకకు పోయిన గకారమగును. గ్రీకున ‘గిగ్నోస్కో’, లాటినున ‘గ్నోస్కెరె’ అను పూర్వరూపము, రష్యనున ‘జ్నాత్’, సంస్కృతమున ‘జ్ఞా’ అన్నియు ఒకే ధాతువు బిడ్డలు. 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో విలియం జోన్సు సంస్కృత, గ్రీకు, లాటిను భాషలకు ఏదో ఒక సమాన మూలముండవలెనని ప్రసంగించినాడు. ఆ మాటకు ఇంతకన్న తేటయైన ఉదాహరణము అరుదు. పాణినీయ ధాతుపాఠమున ‘జ్ఞా’ ధాతువునకు అవబోధనమని అర్థము చెప్పబడినది. నిద్రనుండి మేల్కొనుట, గుర్తించుట అను ఛాయ ‘బోధ’ శబ్దమునకు కలదు. ప్రాచీనాంగ్ల క్రియకును మొదటి అర్థము గుర్తించుట, పోల్చుకొనుట అనుటయే. గొంతునుబట్టి మనిషిని పోల్చుకొనుటకు ఆంగ్లేయులు నేటికిని ఈ క్రియనే వాడుట ఆ పాత అర్థపు జాడ.

ఇట్లు చూచినచో తెలుగింటి మాటలు కొన్ని ఈ ఆంగ్ల క్రియకు దూరపు చుట్టములగును. ఆజ్ఞ ‘ఆన’ యైనది. సంజ్ఞ ‘సన్న’ యైనది. విజ్ఞాపనము ‘విన్నపము’ అయినది. నా ఆన అని ఒట్టుపెట్టు పిల్లవాడును, కనుసన్నతో పిలుచు తల్లియు, విన్నపము వ్రాసికొను రైతును తామెఱుగకయే ఈ ధాతువును వాడుచున్నారు. అయితే తద్భవములలోని పోలికలన్నియు నమ్మదగినవి కావు. యజ్ఞము ‘జన్నము’ అయినను ఆ జ్ఞకారము యజ్ ధాతువునకు చెందినది, జ్ఞా ధాతువునకు కాదు. తెలుగు ‘కను’ క్రియను, చూపుమేరకును ఎఱుకకును పేరైన ‘కెన్’ అను ఆంగ్లపదమును ఒక్కచో చేర్పవలెనను కోరికయు సహజమే. అది చెల్లదు. ‘కెన్’ జ్ఞా ధాతువు సంతతి. ‘కను’ తమిళ కన్నడములలోని ‘కాణ్’ తో చేరిన ద్రావిడపదము. తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడాదులతో ఒక కుటుంబమనియు 1816లో మద్రాసున ఎల్లిసు నిరూపించిననాడే ఈ హద్దు గీయబడినది.

‘నో’ క్రియకు ఆంగ్లముననే తోబుట్టువులు కలరు. సామర్థ్యార్థకమైన ‘కెన్’, అనగా చేయగలను, పోగలను అనునపుడు వాడు సహాయక్రియ, మొదట ‘ఎఱుగుదును’ అను అర్థముగలదే. ఎట్లు చేయవలెనో ఎఱిగినవాడు చేయగలవాడు. ఆ ఎఱుక కాలక్రమమున శక్తియై, పిమ్మట సంభావ్యతయై పరిణమించినది. నేర్పును చెప్పు ‘కన్నింగ్’ నేడు జిత్తులమారితనమునకు దిగజాఱినది. ఎఱుగనిది అను అర్థముగల ‘అన్‌కూత్’ మోటుతనమునకు పేరైనది. తెలియనివాడు అనాగరికుడనుట అన్ని దేశములందు ఒకటేనేమో! లాటినుద్వారా వచ్చిన ‘నోబుల్’ ప్రసిద్ధుని, అనగా నలుగురు ఎఱిగినవానిని చెప్పెడి మాట. గ్రీకుద్వారా ‘డయాగ్నోసిస్’ వైద్యుని చేతికి వచ్చినది. థామస్ హక్స్‌లీ 1869లో ‘అగ్నాస్టిక్’ అను మాట కల్పించుటకు ఈ ధాతువునే ఎన్నుకొనెను. దైవమున్నదో లేదో తెలియరాదనువాడు తెలియుటకు సంబంధించిన ధాతువుతోనే పేరు పెట్టుకొనుట గమనింపదగినది.

అయినను ఆంగ్లమున జ్ఞానార్థమునకు మొదట ఈ క్రియ ఒక్కటియే కాదు. ‘విటన్’ అను వేఱొక క్రియ కలదు. ‘ఇచ్ వాత్’ అనగా నేనెఱుగుదును. ఇది సంస్కృతమున ‘వేద’ అను రూపమునకు అక్షరాల సరిపోవును. రెండింటికిని మూలమున ‘చూచియున్నాను’ అని అర్థము. చూచినది తెలిసినది. పాణినీయులు విద్ ధాతువునకు జ్ఞానమని అర్థము చెప్పి ఒక ధాతువును మఱియొక ధాతువు సంతతితో వివరించిరి. ఆంగ్లేయులు అంతకన్న ముందుకు పోయి ఒకదానిని విడిచియే పెట్టిరి. 1611నాటి ఆంగ్ల బైబిలులో ఈ పాత క్రియారూపములు కొన్ని మిగిలియున్నవి. పిమ్మట వ్యవహారమున అణగిపోయినవి. నేడు సాక్షిని చెప్పు ‘విట్‌నెస్’ లోను, తెలివిని చెప్పు ‘విట్’ లోను, ప్రాజ్ఞుని చెప్పు ‘వైజ్’ లోను ఆ కుటుంబము నిలిచియున్నది, క్రియ పోయినది. జర్మనులు సంగతి ఎఱుగుటకు ఒక క్రియను, మనిషిని ఎఱుగుటకు వేఱొక క్రియను నేటికిని నిలుపుకొనిరి. ఫ్రెంచివారును అట్లే, వారి ‘సవ్వార్’ లాటినున రుచిచూచుటకు చెప్పు క్రియనుండి వచ్చినది. ఆంగ్లేయుడు మాత్రము మనిషిని, సంగతిని, భాషను, విద్యను, బాధను అన్నింటిని ఒక్క ‘నో’ తోనే ఎఱుగును.

ఆ ఒక్క క్రియ తెలుగునకు వచ్చునప్పటికి మూడు త్రోవలగును. నాల్గవది యొక కాలిబాట. అధ్యాపకునికి ఆ రాత్రి తన భాషయే క్రొత్తగా కనబడుట ఇచ్చటనుండియే.

మొదటిది ఎఱుక. ‘ఎఱుగు’ క్రియకు తమిళమున ‘అఱి’, కన్నడమున ‘అఱి’, మలయాళమున ‘అఱియుక’ సోదరములు. బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, 1961లో వెలువడి 1984లో పునర్ముద్రణమున విస్తరింపబడినది, వీనిని ఒక్కచో చేర్చినది. ఇందు ఎఱుగువాడు కర్త; ప్రథమావిభక్తిలో నిలుచును: నేనెఱుగుదును, వాడెఱుగడు. ఇది పరిచయమును, అనుభవమును చెప్పు ఎఱుక. ఆకలి రుచి ఎఱుగదు, నిద్ర సుఖమెఱుగదు అను సామెతలో ఎఱుగుట సమాచారము కాదు, చవిచూచుట. అందువలననే ఈ క్రియ సహాయక్రియయై ‘అబద్ధమాడి ఎఱుగను’ అను ప్రయోగము వచ్చినది. ఎన్నడును ఆడలేదని దాని భావము. ‘కనీవినీ ఎఱుగని’ అన్నను అంతే. ఇచ్చట ఆంగ్లమును తెలుగును ఆశ్చర్యకరముగా కలియును: వాడు అబద్ధమాడగా తానెన్నడు ఎఱుగనని ఆంగ్లేయుడును ‘నో’ తోనే చెప్పును. ఎఱుక చెప్పు స్త్రీ చెప్పునది మాత్రము రాబోవు సంగతి. అనుభవమునకు రానిదే ఆమె చేతిలో ఎఱుకయగును.

రెండవది తెలివి. ‘తెలియు’ క్రియ ‘తెలి’, ‘తెల్ల’ అను మాటల కుటుంబమునకు చెందినది. తెల్లవాఱుట, తేటతెల్లమగుట, తెలివి వచ్చుట అన్నియు అక్కడివే. మబ్బు విడిపోవుట, నీరు తేరుట, చీకటి తొలగుట ఇందలి మూలభావము. ‘తెలుపు’ అను ఒక్క మాట రంగునకును పేరగుట, చెప్పుటకును క్రియయగుట తెలుగువానికి వింతగా తోచదు. పరభాషవానికి చెప్పినపుడు గాని అందలి సొగసు పట్టుబడదు. తమిళమున ‘తెళి’ దీనికి చుట్టము. చూచుటకు ఇంకను దగ్గఱగా కనబడు ‘తెరి’ వేఱు వర్గమునకు చెందినదని నిఘంటుకారుల నిర్ణయము. ఈ క్రియకు తెలియబడు సంగతియే కర్త. మనిషి చతుర్థ్యర్థమున నిలుచును: నాకు తెలియును, వానికి తెలియదు. సంగతి తేటపడును, మనిషి ఆ తేట పడుచోటు మాత్రమే.

మూడవది రాక. నాకు తెలుగు వచ్చును, వానికి ఈత రాదు, ఆమెకు లెక్కలు బాగుగ వచ్చును. విద్యయు భాషయు పనితనమును తెలియునవి కావు, వచ్చునవి. ‘ఈత తెలుసు’ అన్నవానిని చెఱువులో దింపుటకు ఎవరును సాహసింపరు. ఈ ‘వచ్చు’ క్రియయే ‘పోవచ్చును’, ‘చేయవచ్చును’ అనుచోట్ల సంభావ్యతను చెప్పును. ఎఱుకనుండి శక్తికిని, శక్తినుండి సంభావ్యతకును ఆంగ్లపు ‘కెన్’ నడచినట్లే తెలుగున రాక నేర్పునకును సంభావ్యతకును చెల్లుచున్నది. రెండు భాషలకు రక్తసంబంధము లేదు. దారి మాత్రము ఒకటి.

ఇక కాలిబాట ‘తెలుసుకొను’. తానై ప్రయత్నించి పొందిన తెలివికి మనిషి మరల కర్తయగును: నేను తెలుసుకొంటిని. డెల్ఫీ ఆలయమున చెక్కబడిన ఆత్మజ్ఞానసూక్తిలో గ్రీకులు వాడిన క్రియ ఈ జ్ఞా ధాతువునకు చెందినదే. ఆంగ్లేయులు దానిని ‘నో’ తో విధిరూపమున సూటిగా అనువదింతురు. తెలుగున ‘తెలుసు’ రూపమునకు విధి లేదు. తేటపడుమని మనిషిని ఆజ్ఞాపింపరాదు గదా. ‘తెలుసుకొనుము’ అనవలెను, లేదా ‘ఎఱుగుము’ అనవలెను.

ఈ విభజన తెలుగునకే పరిమితము కాదు. కన్నడిగుడు ‘ననగె గొత్తు’ అని చతుర్థితో అనును. ‘నాను బల్లె’ అని ప్రథమతోను అనును. తమిళుని వాడుక ‘ఎనక్కుత్ తెరియుమ్’. హిందీలో ‘ముఝే మాలూమ్ హై’, ‘మైఁ జాన్తా హూఁ’ అను రెండును కలవు; మొదటిదానిలోని ‘మాలూమ్’ అరబ్బీపదము, కట్టుబాటు మాత్రము ఈ దేశపుది. భాష వచ్చుట హిందీలోను, మరాఠీలోను, కన్నడములోను రాకయే. వంగీయుడు మాత్రము ‘ఆమి జాని’ అని జ్ఞా ధాతువును ప్రథమతోనే నడుపును. 1956లో ఎమెనో భారతదేశమును ఒక భాషామండలముగ ప్రతిపాదించెను; 1976లో మసికా ఆ మండలపు లక్షణములను ఎంచినపుడు ఈ చతుర్థీప్రయోగమును అందు చేర్చెను. కుటుంబము వేఱైనను ఇరుగుపొరుగున ఉండి భాషలు కట్టుబాటులు ఇచ్చిపుచ్చుకొనుటకు ఇది సాక్ష్యము.

తెలుగులోపల జరుగుచున్న మార్పును చూడదగినదే. ఆంధ్రప్రాంతపు వాడుకలో ‘ఎఱుగు’ వెనుకంజ వేయుచున్నది. మనిషిని గూర్చి ‘ఆయనను నేనెఱుగుదును’ అనుటకంటె ‘ఆయన నాకు తెలుసు’ అనువారే హెచ్చు. విటన్ క్రియను ‘నో’ మ్రింగినట్లు ఇచ్చట ఎఱుకను తెలివి మ్రింగుచున్నది. తెలంగాణమున అట్లు కాలేదు. అచ్చట ‘నాకెరుకే’, ‘నాకెర్క లేదు’ అందురు. మాట ఎఱుకయే, కట్టుబాటు తెలివిది. మలయాళులును ‘ఎనిక్క్ అఱియాం’ అని ఈ ధాతువునకే చతుర్థిని తగిలించిరి. ఒకచోట మాట పోయి కట్టుబాటు గెలిచినది, ఒకచోట మాట నిలిచి కట్టుబాటు మాఱినది. రెండుచోట్లను మనిషి కర్తృత్వము విడిచెను.

దీనినుండి జాతిస్వభావములను గూర్చి పెద్దమాటలు చెప్పుటకు త్వరపడరాదు. ఆంగ్లేయునకు జ్ఞానము సొత్తు, తెలుగువానికి అది అనుగ్రహము అని చెప్పుట సులభము, వినుటకును బాగుండును. కాని తెలుగువాడు ‘ఎఱుగుదును’ అనియు అనెను. ఆంగ్లేయుడును ఒకప్పుడు ఇష్టమును, తోచుటను చతుర్థితోనే చెప్పెడివాడు. ‘మితింక్స్’ అను పాతమాటలోని మొదటి అక్షరము ‘నాకు’ అను అర్థముగల చతుర్థీరూపము. మధ్యకాలమున ఆంగ్లమున ఆ ప్రయోగము లుప్తమైనది. కనుక ఇది స్వభావభేదము కాదు, చరిత్ర. చరిత్రయే అయినను వాడువానికి అది బంధమే. తన భాష ఇచ్చిన త్రోవలలోనే అతడు నడవవలెను.

అక్కడినుండి అధ్యాపకుడు ఎఱ్ఱగీతకు తిరిగివచ్చెను. ‘తెలుసు’ అనునది వర్తమానమా? ఆంగ్లవ్యాకరణము చదివినవాడు అట్లే అనును, ఆయనయు అనెను. 1858లో బాలవ్యాకరణము వెలయించిన చిన్నయసూరి భూత, వర్తమాన, భవిష్యత్తులకు తోడుగ తద్ధర్మార్థమును ప్రత్యేకముగ చెప్పెను. ‘తెలియును’ తద్ధర్మరూపము; ‘తెలుసును’, ‘తెలుసు’ దాని వ్యావహారికరూపములు. కలియుటనుండి ‘కలుసుకొను’ వచ్చినట్లే యకారస్థానమున సకారము వచ్చినది. తద్ధర్మము ఒక కాలమునకు కట్టుబడదు; ఉన్న స్థితిని చెప్పును. ‘నిన్ననే నాకు తెలుసు’, ‘ఇప్పుడు తెలుసు’, ‘చిన్ననాటినుండి తెలుసు’ అన్నియు చెల్లును. ‘తెలిసింది’ అట్లు కాదు. అది స్థితి కాదు, ఘటన. తేటపడిన ఆ క్షణము. పరీక్ష సులభము. ‘ఎప్పుడు తెలిసింది?’ అని అడుగవచ్చును, ‘ఎప్పుడు తెలుసు?’ అని అడుగరాదు, ‘ఎప్పటినుండి తెలుసు?’ అనవలెను. ఆంగ్లపు ‘న్యూ’ ప్రధానముగా స్థితివాచకము; తెలియవచ్చుటకు ఆంగ్లేయుడు సాధారణముగ వేఱు మాటలు వెదకికొనును. కనుక ఆ కథలోని ‘హి న్యూ’ అను వాక్యమునకు ‘అతనికి తెలుసు’ అనుటయే సరి. ఆక్షేపించినవాడు కాలమును చూచెను. వ్రాసిన బాలిక అర్థమును చూచెను.

నిషేధమునందును ఇట్టి భేదమే కలదు. ‘నాకు తెలియదు’ స్థితి. ‘నాకు తెలియలేదు’ ఘటన జరుగమి. న్యాయస్థానమున సాక్షి మొదటిది పలికినచో విషయము తన ఎఱుకలో లేదనును; రెండవది పలికినచో అప్పుడు తనకు తట్టలేదనును. తెలుగున చెప్పిన సాక్ష్యమును ఆంగ్లమున వ్రాసికొనుచోట ఈ రెండును ఒకే వాక్యమైపోవును. తట్టకపోవుటకును లేకపోవుటకును నడుమ ఎంత దూరమున్నదో ఆ వాక్యమును పిమ్మట చదువు న్యాయమూర్తికి కనబడదు. అనువాదమున రెండు మార్కులు పోవుట చిన్నసంగతి. సాక్ష్యమున పోవునది అంత చిన్నది కాదు.

ఆయనకు స్వవిషయమైన కారణము చెప్పవలసియున్నది. ఆయన తండ్రి పోయి చాల ఏండ్లయినది. అదియు నయముకాని వ్యాధియే. వైద్యుడు మొదట కుమారునితో చెప్పెను. ఏడుమాసములు ఆయన ఆ మాటను తల్లికి చెప్పక దాచెను. చెప్పినచో ఆమె అన్నము మానునని భయపడెను; ఆ భయము నిజమే, కాని దానికి తోడు చెప్పుటకు ధైర్యము లేకుండుటయు నిజమే. ఆ ఏడుమాసములు ఆమె భర్తకు రుచింపని పథ్యములు వండి, కోలుకొనునని మ్రొక్కులు మ్రొక్కెను. కర్మకాండ ముగిసి చుట్టములు వెడలిన సాయంకాలము ఆమె నడవలో కూర్చుండి అడిగెను: “నీకు ముందే తెలుసా నాయనా?”

ఆయన కొంతసేపు ఊరకుండి, “తెలిసిందమ్మా” అనెను.

“ఎప్పుడు తెలిసింది?”

“ఈ మధ్యనే.”

ఆమె బడికి పోయినది కాదు. వ్యాకరణమన్న మాటయు ఆమె వినియుండదు. ‘తెలుసా’ అని తానడిగినదానికి ‘తెలిసింది’ అని బదులు వచ్చుట ఆమె చెవికి తగిలెను. కొంగు సవరించుకొని, “సరేలే, తెలుసన్నమాట” అని లేచి లోపలికి పోయెను. ఆ మాట ఆమె మరల ఎత్తలేదు, ఆయనయు ఎత్తలేదు. ఆమెయు కొన్నియేండ్లకు పోయెను.

విద్యార్థిని పత్రముపై ‘తెలిసింది’ అని వ్రాయించినది వ్యాకరణము మాత్రమే కాదని ఆయనకు ఆ రాత్రి తోచెను. ఆ చేయి ఒకనాడు అదే మార్పు చేసి తప్పించుకొన్న చేయి. ‘తెలుసు’ అన్నవాడు ఎప్పటినుండియో చెప్పుకొనవలసి వచ్చును. ‘తెలిసింది’ అన్నవానికి ఒక తేదీ ఎన్నుకొను వెసులుబాటు కలదు. ఆంగ్లమున అయినచో ఒక్క ‘న్యూ’ తో ఆయన నిజము చెప్పక తప్పెడిది కాదు. చెప్పినట్లు గమనింపబడెడిదియు కాదేమో. రెండు రూపములున్న భాషలో ఏది ఎన్నుకొన్నను అది సాక్ష్యమే.

ద్విభాషానిఘంటువులు తయారుచేయువారు ఇట్టి క్రియలకు తెలుగు పర్యాయపదముల నాలుగైదింటిని వరుసగ పేర్చి విడుచుట చాలదు. ఎఱుగువాడు ఏ విభక్తిలో నిలుచునో, రూపము స్థితిని చెప్పునో ఘటనను చెప్పునో, మనిషికా, సంగతికా, విద్యకా చెల్లునో ప్రతి అర్థమునకు ప్రక్కన చూపవలెను. భారతీయభాషలు అన్నింటికిని ఈ పట్టిక ఒక్కచో చేర్చినచో అనువాదకులకేకాక వ్యాకర్తలకును ఉపకరించును. తరగతిలో కాలములను పోల్చి నేర్పువారు తద్ధర్మమును మఱువరాదు. దానికి ఆంగ్లమున సరియగు పేరు లేకుండుటచేత అది లేనిదైపోదు.

మఱునాడు ఆయన ఆ విద్యార్థినిని పిలిపించి, పత్రము అడిగి తీసికొని, తాను దిద్దిన మాటను కొట్టివేసి, రెండు మార్కులు తిరిగి చేర్చెను.

“నువ్వు రాసిందే సరి అమ్మా. అతనికి తెలుసు.”

“అయితే నా అనువాదం తప్పు కాదాండీ?” అని ఆమె నిశ్చయమునకై మరల అడిగెను.

“కాదు. తప్పని ఎందుకు రాశానో నాకు ఇప్పుడు తెలిసింది” అని ఆయన చెప్పెను. ఈసారి ఆ రూపము సరియైనదే.